కాలువ కింద మూడెకరాలా, బోర్ల కింద ఆరెకరాలా

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే అన్నదమ్ములు ఇద్దరు, అమెరికాలో ఉన్న చెల్లె, రిటైరైన నాయిన కలిసి 90 లక్షలు పోగేశారు. త్రిపురారం వైపు సాగర్ ఎడమ కాలువ కింద ఎకరం 30 లక్షల లెక్కన మూడెకరాలు చూపించారు. అదే డబ్బుకు దేవరకొండ వైపు రెండు బోర్లున్న ఆరెకరాలు వస్తున్నాయి, ఎకరం 15 లక్షలు. వరి పండే భూమే కావాలి, కౌలుకిచ్చుకుంటాం, ఏది కొనమంటారు?

ముందు లెక్క చూద్దాం. మధ్యవర్తి ఈ లెక్క ఎప్పుడూ చెప్పడు. రెండు పంటలు పారే పొలానికి ఏడాదికి ఎకరానికి 20 వేల కౌలు అనుకోండి. ఆ ఊళ్లో నిజంగా ఎంత నడుస్తోందో కనుక్కుని ఈ అంకె మార్చుకోండి. మూడెకరాలకు 60 వేలు. రైతు భరోసా ఎకరానికి సీజన్‌కు 6 వేలు, ఏడాదికి 12 వేలు, మూడెకరాలకు 36 వేలు. అన్నీ కలిపి 96 వేలు. 90 లక్షల మీద నూటికి రూపాయి ఏడు పైసలన్నమాట. ఊళ్లో నూటికి రూపాయి వడ్డీ అంటే నెలకు. ఇది ఏడాదికి. రైతు భరోసాను కూడా ఎప్పటికీ వచ్చే ఆదాయంగా రాసుకోవద్దు. 2018లో రైతుబంధు పేరుతో 4 వేలతో మొదలైంది, తర్వాత 5 వేలైంది, 2025 జనవరి నుంచి 6 వేలైంది. రేపు ఎకరాల పరిమితి పెట్టినా అడిగేవాళ్లు ఉండరు.

సొంతంగా చేయించుకుంటే ఎక్కువ మిగలదా అంటే మిగులుతుంది, కానీ పొలం గెట్టు మీద ఎవరో ఒకరు ఉండాలి. 2025-26కు ఎ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389. సన్నాలకు రాష్ట్రం ఇచ్చే బోనస్ 500. ఎకరానికి 24 క్వింటాళ్లు తూగితే 69 వేల చిల్లర. అందులో దున్నకం, నారు, నాటు, ఎరువులు, మందులు, కోత మిషన్, ట్రాక్టర్ కిరాయి పోవాలి. తేమ 17 శాతం దిగేదాకా కల్లంలో ఆరబోసి, సెంటర్లో కాంటా అయ్యేదాకా కాపలా ఉండాలి. మిర్యాలగూడ మిల్లులు సన్నాలను మిషన్ కోసిన పచ్చి వడ్లుగానే కొంటాయి కాబట్టి ఆ వైపు ఈ బాధ కొంత తక్కువ. కానీ కోతలన్నీ ఒకేసారి మీద పడే వారంలో ధర మిల్లు చెప్పిందే. శని ఆదివారాలు వచ్చి చూసుకుంటాం అనేవాళ్లకు ఈ లాభం చేతికి రాదు.

అంటే మీరు నిజంగా ఆశ పెట్టుకోవాల్సింది పదేళ్ల తర్వాత భూమికి వచ్చే ధర మీద. వరి పొలానికి ఆ ధర నిలబడేది మూడింటి వల్ల: నీళ్ల వంతు, బాట, కాగితం. వీటిలో ఒకటి తక్కువైనా కొనేటప్పుడు కనపడదు, అమ్మేటప్పుడు అందరికీ కనపడుతుంది. అప్పు తెచ్చి మాత్రం కొనొద్దు. ఏడాదికి నూటికి రూపాయి ఇచ్చే ఆస్తి బ్యాంకు వడ్డీని మోయలేదు.

ఇంకొకటి, 90 లక్షలకు మూడెకరాలు రావు. స్టాంపు, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం. మీరు రాసుకున్న ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. మ్యుటేషన్ ఫీజు, కమీషన్, కొలత, హద్దు రాళ్లు వీటికి అదనం. రెండున్నర ఎకరాలు కొంటే 75 లక్షలు, దాని మీద 5 లక్షల 62 వేల పైచిలుకు, ఇంకో తొమ్మిది లక్షలు చేతిలో ఉంటాయి. ఆ తొమ్మిది లక్షలు ఎందుకో కింద చెబుతాను.

చెల్లె సంగతి ఇప్పుడే తేల్చుకోండి. ప్రవాస భారతీయులు ఇల్లు, ప్లాటు కొనొచ్చు గానీ వ్యవసాయ భూమి కొనకూడదు. విదేశీ మారక చట్టం ఒప్పుకోదు. ఆమె పేరు దస్తావేజులో ఎక్కకూడదు. నాయినకు ఆమె డబ్బు బహుమతిగా పంపొచ్చు, తర్వాత వారసత్వంగా ఆ భూమి ఆమెకు రావచ్చు, అది చట్టానికి సమ్మతమే. కాబట్టి ఆమె పెట్టిన డబ్బుకు ఈడు వాటా నాయిన పేరున కొని, నాయిన వీలునామా రాసి రిజిస్టర్ చేయించడం ఒక దారి. నోటి మాట మీద వదిలేస్తే పదేళ్లకు ఇంట్లోనే పంచాయితీ.

ఇక నీళ్లు. ఎక్కువ రాయాల్సింది దీని గురించే.

"కాలువ పక్కన" అన్నా "కాలువ కింద" అన్నా మధ్యవర్తి నోట్లో ఒకటే మాట, పొలంలో రెండు మాటలు. సాగర్ ఎడమ కాలువ ఎత్తు వెంబడి సాగుతుంది. దానికి పల్లం వైపున్న భూమికే తూము ద్వారా నీళ్లు వాటంతటవే పారతాయి. ఎగువ వైపున్న పొలం కాలువను ఆనుకునే ఉన్నా అది ఆయకట్టు కాదు. అక్కడ వరి కనిపించిందంటే కాలువలో మోటరు వేసి తోడుతున్నారని అర్థం. నీళ్లు తగ్గిన ఏడాది అధికారులు ముందు తీసేయించేది ఆ మోటర్లనే. కాబట్టి కట్ట మీద నిలబడి నీళ్లు పారే దిక్కు చూసి, పొలం ఏ పక్కన ఉందో ముందు చూసుకోండి. ఎత్తిపోతల పథకం కింద ఉందంటే ఆ లిఫ్టు మోటర్లు గత మూడేళ్లలో ఎన్ని నెలలు నడిచాయో అడగండి.

తర్వాత అడగాల్సింది వరుస: ఏ మేజరు (పెద్ద పంపిణీ కాలువ), ఏ మైనరు (దాని నుంచి చీలే చిన్న కాలువ), ఏ తూము, ఆ తూము కింద పిల్లకాలువలో మీ పొలం ఎన్నోది. మొదటి వాళ్ల మడులు నిండి పొర్లితేనే చివరి వాళ్లకు వస్తాయి. వారబందీ పెట్టి కొన్ని రోజులు వదిలి కొన్ని రోజులు కట్టేసినప్పుడు చివరి పొలానికి నీళ్లు చేరేసరికి వంతు అయిపోతుంది. ఒకే ఊళ్లో ఒకే మట్టి ఉన్నా మొదటి పొలానికీ చివరి పొలానికీ ధరలో తేడా ఉండాలి. మీకు చెప్పిన 30 లక్షలు మొదటి పొలం ధరా చివరి పొలం ధరా అన్నది అసలు బేరం. పహాణీలో, అంటే రెవెన్యూ రికార్డులో, తరి (నీళ్లు పారే భూమి) అని ఉంటే సరిపోదు. సాగర్ ఆయకట్టులో కొంత భూమిని వరికని, కొంత భూమిని ఆరుతడి పంటలకని నిర్ణయించారు. ఆ సర్వే నంబరు ఎందులో ఉందో నీటిపారుదల శాఖ సెక్షన్ ఆఫీసులో అడగండి.

మనుషులు చెప్పకపోయినా పంట చెబుతుంది. చుట్టుపక్కల పొలాల్లో ఏ రకం వడ్లు వేశారో అడగండి. సాంబమసూరి, అంటే బీపీటీ 5204, కోతకు 150 రోజులు తీసుకుంటుంది. తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, 125 రోజులకే వస్తుంది. అందరూ తక్కువ రోజుల రకాలే వేస్తున్నారంటే నీళ్లు ఆలస్యంగా వస్తున్నాయనో, త్వరగా ఆగిపోతున్నాయనో అనుమానించండి. మధ్యమధ్యలో పత్తి, బత్తాయి తోటలు కనిపిస్తే అక్కడి రైతుకు నీళ్ల మీద నమ్మకం లేనట్టే. మీకు చూపించే పొలంలో ఒక్కదాంట్లోనే పచ్చగా వరి ఉంటే, ఈ సీజన్‌కు ఎవరి బోరు నుంచి పైపు వేశారో వెతకండి.

మంచి ఆయకట్టుకు కూడా ప్రతి ఏడాదీ నీళ్లు వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, 510 దాకా దిగితే సాగుకు ఇవ్వడానికి ఇక ఏమీ మిగలదు. 2015-16లో, మళ్లీ 2023-24లో కృష్ణకు సరైన వరద రాక ఎడమ కాలువ కింద చాలా పొలాలు బీడు పడ్డాయి. నీళ్లు నిండుగా ఉన్న ఏడాదిలోనూ గండి పడొచ్చు. 2022 సెప్టెంబర్‌లో నిడమనూరు దగ్గర, 2024 సెప్టెంబర్‌లో నడిగూడెం వైపు పడింది. అందుకే కౌలు ఆదాయం వేసుకునేటప్పుడు పదేళ్లలో రెండేళ్లు సున్నా అని రాసుకోండి. కాలువ పొలానికి కూడా ఒక బోరో, ఊట బావో తోడుంటే ఆఖరి రెండు తడులు గట్టెక్కుతాయి. ఎకరానికి రెండు లక్షలు ఎక్కువ అడిగినా అలాంటి పొలమే మేలు.

రాబోయే ప్రాజెక్టుకు ఈరోజు డబ్బు కట్టొద్దు. దేవరకొండ వైపు మీకు తప్పకుండా చెప్పే మాట, "శ్రీశైలం సొరంగం పూర్తయితే ఇది తరి అవుతుంది." ఆ సొరంగం పని ఇరవై ఏళ్లుగా నడుస్తోంది, 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలింది. పాలమూరు వైపు అయితే పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పేరు చెబుతారు. అక్కడ కొనాలనుకుంటే జూరాల, కోయిల్‌సాగర్, కల్వకుర్తి లిఫ్టు కింద ఇప్పటికే పిల్లకాలువ తవ్వి నీళ్లు పారుతున్న చోట చూడండి. కాలువ తవ్వి పిల్లకాలువ లేని చోట ధర చెల్క, అంటే మెట్ట భూమి, ధరే ఉండాలి.

బోర్ల కింద ఆరెకరాల సంగతి. "రెండు బోర్లు, రెండించుల నీళ్లు" అనే మాటను లెక్కలోకి తీసుకోకండి, కొలవండి. ఏప్రిల్ నెలాఖరున పోయి, మోటరు కనీసం నాలుగు గంటలు ఆపకుండా నడిపించి, ఆఖర్లో 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి సెల్‌ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టండి. మొదటి అరగంట నీళ్లు బోరులో నిలవున్నవి, వాటిని లెక్కించొద్దు. డ్రమ్ము 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు, గంటకు 18 వేల లీటర్లు. 100 సెకన్లు పడితే సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200. వరి మడిలో ఎండకు ఆవిరయ్యేదీ భూమిలోకి ఇంకేదీ కలిపి రోజుకు 10 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి దాదాపు 40 వేల లీటర్లు కావాలి. 100 సెకన్లు పట్టే బోరు రోజుకు పది గంటలు నడిచినా 72 వేల లీటర్లే, రెండెకరాలకు కూడా చాలదు. అదీ బరువు నేలలో. దేవరకొండ చెల్కల్లో ఇంకుడు ఇంతకంటే ఎక్కువ, కాబట్టి వచ్చిన లెక్కను సగం చేసుకోండి. ఆరెకరాల్లో యాసంగి వరి రెండెకరాలకు మించదనే అనుకోండి. మిగతాది పత్తి, కంది, బత్తాయి. చెడ్డ భూమి అనడం లేదు, వరి భూమి కాదంటున్నాను. ఆరెకరాల తరి అని చెప్పి అమ్మితే అది అబద్ధం.

కరెంటు ఉచితమే, 2018 జనవరి నుంచి 24 గంటలూ ఇస్తున్నారు. కానీ సర్వీసు ఎవరి పేరున ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మోటర్లు ఉన్నాయి, సర్వీసు నంబరు ఉందా, తీగలకు కొండ్లు తగిలించి వాడుకుంటున్నారా చూసుకోండి. బోరు గొట్టం ఏ సర్వే నంబరులో, ఏ బై నంబరులో దిగిందో కొలతలో తేలాలి. అన్నదమ్ముల పంపకంలో ఒక బోరును ఇద్దరు రోజు విడిచి రోజు వాడుకునే ఒప్పందాలు ఈ ప్రాంతంలో మామూలే. అలాంటిది ఉంటే ఆ వంతు, సర్వీసు నంబరుతో సహా, దస్తావేజులో రాయించాలి. కొత్త బోరు వేయాలన్నా వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, రాతి నేలలో నీళ్లు పడతాయన్న నమ్మకమూ లేదు.

నేల చూడ్డానికి రెండుసార్లు పోవాలి. మార్చి, ఏప్రిల్‌లో ఒకసారి: సౌడు, అంటే నేలలోని ఉప్పు, అప్పుడే పైకి తేలుతుంది. గెట్ల పక్కన తెల్లటి పొర, మధ్యలో గుండ్రంగా మొలక లేని మచ్చలు, పక్కన పైరు ఉన్నా అక్కడ పైరు కురచగా ఉండటం చూడండి. ఏళ్ల తరబడి కాలువ నీళ్లు పారి మురుగు పోయే దారి లేని నల్లరేగళ్లలో ఇది ఎక్కువ. ఆగస్టులో గట్టి వాన పడ్డ మర్నాడు రెండోసారి: నీళ్లు ఎటు పోతున్నాయో, పైన పొలాల నుంచి జాలు, అంటే ఊట నీళ్లు, దిగుతోందా చూడండి. జాలు పట్టిన మడిలో టైరు మిషన్ దిగబడుతుంది, చైన్ మిషనే రావాలి, దాని గంట కిరాయి ఎక్కువ. కౌలుదారు ఈ తేడా మీ కౌలులోనే కోస్తాడు.

మట్టి పరీక్షకు ఎకరానికి ఎనిమిది, పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున వి ఆకారంలో తవ్వి, గుంట అంచు నుంచి పలుచగా గీరి, అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలో మిగిల్చి ఇవ్వండి. గెట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప ఉన్న చోట తీయొద్దు. త్రిపురారం వాళ్లకు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం దగ్గరే, పాలమూరు వైపు అయితే పాలెం పరిశోధన కేంద్రం. ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటితే జిప్సం, జీలుగ, మురుగు కాలువ ఖర్చులు తప్పవని ధరలో తగ్గించమనండి. జింకు లోపం పెద్ద విషయం కాదు, మూడు పంటలకు ఒకసారి ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్‌తో పోతుంది. దాన్ని చూపించి ధర తగ్గించమంటే నవ్వుతారు.

బాట. వరి పొలాల్లో గెట్టు మీద నడిచి పోతారు కాబట్టి చూసే రోజు ఇబ్బంది తెలియదు. కోత రోజు తెలుస్తుంది. బండ్ల బాట గ్రామ నక్షాలో, అంటే ఊరి పటంలో, చుక్కల గీతగా ఉంటుంది. నక్షాలో లేని బాట పక్క రైతు మంచితనం మీద నడిచే బాట, ఆయన కొడుకు తరానికి ఉండకపోవచ్చు. బాట లేకపోతే పక్కవాళ్లు కోసిందాకా మీ పంట నిలబడాలి, అప్పటికి గింజ రాలుతుంది. దీనికి విరుగుడు భూమి రూపంలోనే కొనడం: 12 అడుగుల వెడల్పు, 363 అడుగుల పొడవు బాట అంటే సరిగ్గా 4 గుంటలు. పక్క రైతుకు ఆ నాలుగు గుంటలకు మార్కెట్ ధరకు కాస్త ఎక్కువే ఇచ్చి రిజిస్టర్ చేయించుకోండి. బాట లేని పొలానికీ ఉన్న పొలానికీ ధరలో ఉన్న తేడాతోనే ఆ ఖర్చు వచ్చేస్తుంది. పైన మిగిల్చిన తొమ్మిది లక్షలు ముందుగా ఇలాంటివాటికి, తర్వాత మడులు కలిపి చదును చేయడానికి.

కాగితాల్లో అందరూ చేసేది పోర్టల్‌లో పట్టాదారు పేరు చూసి తృప్తి పడటం. 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూ భారతి వచ్చింది. రెండూ ఇవాళ ఎవరి పేరున ఉందో చెబుతాయి, ఆ పేరు ఎలా ఎక్కిందో చెప్పవు. వెనక్కి పోవాలి. 1954-55 ఖాస్రా పహాణీ నకలు, సేత్వారు (సర్వే నంబర్లవారీగా విస్తీర్ణం రాసిన పాత రిజిస్టరు) తహసీల్ ఆఫీసు నుంచి తీయండి. ఉర్దూలో ఉంటే చదివే పాత మనిషిని వెతకండి. అందులో సర్కారీ, ఇనాం (బహుమానంగా ఇచ్చిన భూమి), శికం (చెరువు భూమి), గైరాన్ (పశువుల మేత భూమి), పోరంబోకు అన్న మాటలు కనిపిస్తే ఆగండి. ఇనాం అయితే అనుభవ హక్కు పత్రం, ఓఆర్‌సీ, చూపించాలి. కౌలుదారు కాలమ్‌లో రక్షిత కౌలుదారు ఉంటే కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ ఎవరికి ఇచ్చారో చూడాలి. లావణి పట్టా, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి, అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. భూదానం మొదలైంది ఉమ్మడి నల్లగొండలోని పోచంపల్లిలో, 1951 ఏప్రిల్ 18న. భూదాన్ భూములు ఈ జిల్లాల్లో అక్కడక్కడా ఉన్నాయి, అవీ అమ్మకూడనివే. వక్ఫ్, దేవాదాయ భూములు సహా నిషేధిత జాబితాలో మీ సర్వే నంబరు మొత్తం చూడండి, బై నంబరు ఒక్కటే చూస్తే సరిపోదు.

పాత సాదాబైనామా, అంటే రిజిస్టర్ కాని తెల్లకాగితపు అమ్మకం, మీద వచ్చిన భూమి అయితే దాన్ని క్రమబద్ధం చేసిన 13-బి సర్టిఫికెట్ అడగండి. తెల్లకాగితం ఒక్కటే ఉంటే అమ్మేవాడికి ఇంకా హక్కు రాలేదు.

ఈ జిల్లాల్లో నిజంగా ముంచేది విస్తీర్ణంలో తేడా, ఆర్‌ఎస్‌ఆర్ తేడా అంటారు. ఉదాహరణకు 212 సర్వే నంబరుకు సేత్వారులో 18 ఎకరాల 20 గుంటలు ఉందనుకోండి. పోర్టల్‌లో 212/అ, ఆ, ఇ అంటూ ఉన్న పట్టాలన్నీ ఒక కాగితం మీద రాసి కూడితే 19 ఎకరాల 34 గుంటలు వచ్చింది. ఎకరం 14 గుంటలు కాగితం మీద ఉంది, నేల మీద లేదు. అందరి దగ్గరా పాస్‌బుక్కులు ఉన్నాయి, అందరూ నిజాయితీపరులే, కానీ ఆఖర్న కొలిపించుకున్నవాడికి ఆ మేరకు తక్కువ పడుతుంది. ఈ కూడిక చేయడానికి అరగంట చాలు. తేడా ఉంటే అది సరిదిద్దేదాకా బయానా (అడ్వాన్సు) కూడా ఇవ్వొద్దు.

ఈసీ, అంటే భూమి మీద లావాదేవీలు చూపే కాగితం, రెండు చోట్లా తీయండి: పాతది రిజిస్ట్రేషన్ శాఖ నుంచి కనీసం 30 ఏళ్లకు, ధరణి తర్వాతది పోర్టల్ నుంచి. బ్యాంకులో, సహకార సంఘంలో పంట రుణం ఉందేమో అడిగి బాకీ లేదన్న కాగితం తీసుకోండి. అమ్మేవారి పేరు మీద, ఆయన తండ్రి పేరు మీద మిర్యాలగూడ కోర్టులో కేసులున్నాయేమో ఈ-కోర్టుల సైట్‌లో వెతకండి. ఆడబిడ్డల సంతకాలు మాత్రం మొహమాటపడకుండా అడగండి. తండ్రి నుంచి వచ్చిన భూమిలో కూతుళ్లకూ వాటా ఉంది. పసుపు కుంకుమ కింద ఎకరం ఇచ్చామని నోటితో చెప్పి, పట్టా మాత్రం అన్న పేరున ఉంచుకున్న ఇళ్లు ఊరికి పది ఉంటాయి. వాళ్లందరూ దస్తావేజులో సమ్మతిదారులుగా సంతకం పెట్టాలి. జిల్లా ఎడిషన్‌లో చిన్న ప్రకటన వేసి 15 రోజులు ఆగండి.

బేరం గంపగుత్తగా కుదుర్చుకోవద్దు, గుంట లెక్కన కుదుర్చుకోండి. ఎఫ్-లైన్‌కు, అంటే హద్దుల కొలతకు, దరఖాస్తు పెట్టి, పక్క రైతులకు నోటీసులిచ్చి, మండల సర్వేయర్‌తో కొలిపించి, పంచనామా మీద వాళ్ల సంతకాలు తీసుకుని, అదే రోజు రాళ్లు పాతండి. ప్రభుత్వ నాలా, పిల్లకాలువ, పోట్ ఖరాబ్ (సాగుకు పనికిరాని భాగం) తీసేసి మిగిలిన గుంటలకే డబ్బు. ఎకరం 30 లక్షలంటే గుంట 75 వేలు, నాలుగు గుంటల తేడా మూడు లక్షలు. కొలత ఖర్చు దీని ముందు ఏపాటిది? అగ్రిమెంటులో బయానా పది శాతం దాటనివ్వకండి, గడువు మూడు నెలలు, కొలతలో తగ్గినా కాగితాల్లో లోపం తేలినా బయానా వాపసు అని రాయించండి.

డబ్బంతా బ్యాంకు ద్వారానే. స్థిరాస్తికి 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవాడికి అంతే జరిమానా. ధర తగ్గించి చూపిద్దాం అంటారు, స్టాంపు డ్యూటీలో కొంత మిగులుతుంది. రేపు ఏ రోడ్డుకో కాలువకో ఆ భూమి పోతే పరిహారం లెక్కకట్టేది చుట్టుపక్కల రిజిస్టరైన ధరల మీదనే, అప్పుడు అందరూ కలిసి ఏడుస్తారు. రోడ్డు మాట వచ్చింది కాబట్టి, రీజనల్ రింగ్ రోడ్డు, కాలువల కోసం నోటిఫై చేసిన సర్వే నంబర్లలో మీది ఉందేమో కూడా చూడండి.

రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దార్ దగ్గర ఒకే రోజు అవుతాయి: స్లాట్, చలానా, పాస్‌బుక్, ఆధార్, పాన్, ఇద్దరు సాక్షులు. పెద్ద పని కాదు. ఉమ్మడిగా ఒకే దస్తావేజు రాసుకోకుండా ఎవరి గుంటలు వాళ్ల పేరున విడివిడిగా, హద్దులతో రాయించుకోండి. రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకే, ఆయన చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. నాయినకు ఆ వయసు దాటితే అన్నదమ్ముల పేరున కొంతైనా ఉండటం మంచిది.

పన్ను గురించి ఒక్కటే: ఊరి భూమి అమ్మినప్పుడు లాభం మీద పన్ను లేదు, కానీ మున్సిపాలిటీకి దగ్గరైతే ఉంటుంది. జనాభా లక్ష దాటి పది లక్షల లోపున్న పట్టణానికి 6 కిలోమీటర్ల లోపు, గాలి దూరం. మిర్యాలగూడ అంచున కొనేవాళ్లు ఇది కొలుచుకోవాలి. కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే, దాని మీద నేరుగా పన్ను లేదు, కానీ 5 వేలు దాటితే మీ జీతం శ్లాబు లెక్కలో కలుస్తుంది.

కౌలు ఉగాది నుంచి ఉగాదికి, సొమ్ము బ్యాంకు ఖాతాకు, ఏటా కొత్త కాగితం. నీళ్లు రాని సీజన్‌కు ఎంత తగ్గిస్తారో ముందే రాసుకోండి. లేకపోతే ఆ ఏడాది కౌలూ రాదు, మనిషీ పోతాడు. పంట నమోదుకు ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చినప్పుడు కౌలుదారు పేరే రాయించండి, లేకపోతే సెంటర్లో వడ్లు అమ్ముకోవడానికి ఆయన మీ చుట్టూ తిరగాలి. రైతు భరోసా మీ ఖాతాలో పడుతుందని ఆయనకు తెలుసు, బేరంలో దాన్ని దాచిపెట్టే ప్రయత్నం చేయొద్దు.

మీ రెండిట్లో నేనైతే దేవరకొండ ఆరెకరాలను వరి పేరుతో కొనొద్దంటాను. తోట పెట్టే ఆలోచన ఉంటే వేరే లెక్క, అప్పుడు డ్రమ్ము పరీక్ష చేసి మళ్లీ రాయండి. త్రిపురారం పొలం అయితే రెండున్నర ఎకరాలకు బేరం ఆడండి, అదీ తూముకు మొదటి సగంలో ఉండి, నక్షాలో బాట ఉండి, సర్వే నంబరు కూడిక సరిపోతేనే. చివరి పొలం అయితే 30 లక్షలకు వద్దు. ఇప్పుడే బయానా ఇవ్వమని తొందర పెడుతుంటే, యాసంగి ఆఖరి తడి పారే మార్చి నెలాఖరుదాకా ఆగమని చెప్పండి. పిల్లకాలువ వెంట ఉదయం ఆరు గంటలకు నడవండి, చివరి మడి దాకా. నీళ్లు వదిలే నీరటికాడు ఎవరో కనుక్కుని ఆయనతో ఒక గంట కూర్చోండి. తూము నంబరు, మీ వంతు ఎన్నోదో, ఖాస్రా నకలు, సర్వే నంబరు మొత్తం పట్టాల జాబితా తెచ్చుకున్నాక ఇక్కడ పెడితే మిగతాది చూద్దాం.